మున్సిపాలిటీ కుక్కల షెల్టర్‌ను మనం ఎలా గమనించాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు: ఏబీసీ (జంతు జనన నియంత్రణ) సెంటర్, డాగ్ పౌండ్, షెల్టర్, కొన్ని చోట్ల ఉత్తి 'కుక్కల షెడ్డు'. పేరు ఏదైనా అక్కడ ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకున్నవాళ్లకు వచ్చే సందేహాలు మాత్రం దాదాపు ఒకటే. మళ్లీ మళ్లీ అవే అడుగుతున్నారు కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పట్టణాలను దృష్టిలో పెట్టుకుని ఒకచోట రాశాం. వరుసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

కుక్కల్ని చూసుకోవడం అసలు మున్సిపాలిటీ పనేనా? రోడ్లు, డ్రైనేజీ చూసుకుంటే చాలదా?

మున్సిపాలిటీ పనే. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగ్గ పనుల జాబితా ఉంది. అందులో 15వది: బందెల దొడ్లు, జంతువులపై క్రూరత్వ నివారణ. బందెల దొడ్డి మనకు పాత సంగతే, పొలంలో పడి మేసిన పశువుల్ని తోలి కట్టేసే చోటు. కుక్కల విషయానికి ప్రత్యేకంగా 2023 మార్చి 10న కేంద్రం జంతు జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. వాడుకలో ఏబీసీ రూల్స్ అంటే ఇవే. 2001 నాటి పాత నియమాల స్థానంలో వచ్చాయి. వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్, రేబీస్ టీకా చేయించే బాధ్యత వీటి ప్రకారం స్థానిక సంస్థదే.

మా ఊళ్లో ఒక సంస్థకు కాంట్రాక్టు ఇచ్చేశారు. ఇక కమిషనర్ గారిని అడిగి లాభం లేదా?

పని ఇచ్చారు, బాధ్యత ఇవ్వలేదు. మున్సిపాలిటీ సొంతంగా చేసినా సంస్థతో చేయించినా జవాబు చెప్పాల్సింది మున్సిపాలిటీయే. ఆ సంస్థకు భారత జంతు సంక్షేమ మండలి గుర్తింపు ఉండాలి. కాబట్టి ముందు రెండు కాగితాలు అడగండి: ఒకటి ఆ గుర్తింపు పత్రం, రెండోది మున్సిపాలిటీకీ సంస్థకూ మధ్య ఒప్పందం. గుర్తింపు గడువు తీరిందా అన్నది కూడా చూడాలి. ఒప్పందంలో 'ఒక్కో కుక్కకు ఇంత' అని రేటు మాత్రమే రాసి, ఆపరేషన్ తర్వాత ఎన్నాళ్లు ఉంచాలి, చనిపోతే ఎవరికి చెప్పాలి అన్నది రాయకపోతే గొడవలన్నీ అక్కడే పుడతాయి. లెక్క పెరిగితే డబ్బు వస్తుంది, జాగ్రత్త పెరిగితే ఖర్చు పెరుగుతుంది. ఇక ఎటు మొగ్గుతారో ఊహించవచ్చు.

షెల్టర్ అంటే కుక్కల్ని జీవితాంతం ఉంచే చోటా?

మామూలుగా కాదు. పట్టుకొచ్చి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, కోలుకున్నాక పట్టిన చోటే వదలడం ఏబీసీ పద్ధతి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. రేబీస్ ఉన్నవి, ఉందని అనుమానం ఉన్నవి, దూకుడుగా మీదపడేవి మాత్రం వదలకూడదని మినహాయింపు పెట్టింది. ఆ ఏడాది నవంబర్ 7న ఇచ్చిన ఉత్తర్వులో స్కూళ్లు, కాలేజీలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు, క్రీడా ప్రాంగణాల్లోని కుక్కల్ని తీసి షెల్టర్లకు తరలించాలని, తిరిగి అక్కడే వదలొద్దని ఆదేశించింది. ఆ తర్వాత కూడా కేసు విచారణ సాగింది కాబట్టి అధికారులతో మాట్లాడే ముందు తాజా ఉత్తర్వు చూసుకుని వెళ్లండి. దీర్ఘకాలం ఉండే కుక్కలు పెరిగినప్పుడు, నాలుగైదు రోజుల కోసం కట్టిన బోన్లు పనికిరావు. ఈ తేడా చాలా మున్సిపాలిటీల ప్లాన్లలో కనబడటం లేదు.

పర్యవేక్షణ కమిటీ ఉంటుందంటారు. మా ఊళ్లో ఎవరూ దాని పేరు కూడా వినలేదు.

కాగితం మీద ఉండే అవకాశం ఉంది. ఏబీసీ రూల్స్ ప్రకారం స్థానిక సంస్థ స్థాయిలో పర్యవేక్షణ కమిటీ ఉండాలి. స్థానిక సంస్థ అధిపతితో పాటు ప్రజారోగ్య శాఖ, పశుసంవర్ధక శాఖ, జంతు సంక్షేమ సంస్థల ప్రతినిధులు అందులో ఉంటారు. 'కమిటీ ఉందా?' అని అడిగితే 'ఉంది' అంటారు, అంతటితో మాట అయిపోతుంది. 'చివరి మూడు సమావేశాల మినిట్స్ (ఏం చర్చించారో రాసిన రికార్డు) కాపీలు ఇవ్వండి' అని అడగండి. మినిట్స్ లేకపోతే కమిటీ లేనట్టే.

నేను మామూలు మనిషిని. లోపలికి వెళ్లి చూసే హక్కు నాకుందా?

ఉంది, కానీ అడిగే పద్ధతి ఒకటుంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 2(జె) కింద పనులను, పత్రాలను, రికార్డులను తనిఖీ చేసే హక్కు పౌరులకు ఉంది. నోట్స్ రాసుకోవచ్చు, ధ్రువీకరించిన నకళ్లు తీసుకోవచ్చు. దరఖాస్తులో 'కేంద్రాన్ని, రిజిస్టర్లను స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం కేటాయించండి' అని రాయాలి. అంతదాకా పోకుండా ముందు మర్యాదగా అడిగి చూడండి. డాక్టర్ గారు సరేనని తీసుకెళ్లిన చోట్లే ఎక్కువ విషయాలు తెలుస్తాయి.

## షెల్టర్‌కు వెళ్లినప్పుడు

లోపలికి వెళ్లాక ముందు ఏం చూడాలి?

వీలైతే ఉదయం, శుభ్రం చేసే వేళకు వెళ్లండి. మధ్యాహ్నానికి ఏ షెడ్డయినా బాగానే కనిపిస్తుంది. కుక్క లోపలుండగానే పైపుతో నీళ్లు కొడుతున్నారా? అలాగైతే తడిసిన కుక్క, తడిసిన కుట్లు, తడి నేల, ఇన్‌ఫెక్షన్‌కు ఇంకేం కావాలి. కుక్కను పక్క బోనులోకి మార్చి, మలం ఎత్తి, కడిగి, ఆరాక మళ్లీ పెట్టడం పద్ధతి.

తర్వాత నీళ్ల గిన్నెలు. ప్రతి బోనులో ఉన్నాయా, అందులో నీళ్లున్నాయా, నాచు పట్టిందా? మగవి, ఆడవి, పిల్లలు విడివిడిగా ఉండాలి. వేర్వేరు వీధుల్లో పట్టినవాటిని కలిపేయకూడదు. కలిపితే కొట్లాటలు, గాయాలు. పైగా తిరిగి ఎక్కడ వదలాలో తెలియని పరిస్థితి. ప్రతి కుక్క మెడలో నంబరు ఉండాలి. నంబరు లేని కుక్క ఒక్కటి కనిపించినా దాన్ని ఎక్కడ పట్టారో, ఎప్పుడు పట్టారో అడగండి. జబ్బు కుక్కలకు వేరే గది ఉండాలి. ఆ గదిలోకి వెళ్లే మనిషి, చీపురు, బకెట్ కూడా వేరుగా ఉంటేనే అది నిజంగా వేరే గది.

ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రంగా ఉందనుకోకండి. కుక్కపిల్లల్ని గుంపుగా చంపే పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది, దానికి మామూలు ఫినాయిల్‌ను నమ్ముకోలేం. ముందు మలం, మురికి పూర్తిగా కడిగేసి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి 32 వంతుల నీళ్లు కలిపి, కనీసం పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత కడగాలి. మురికి మీదే బ్లీచ్ పోస్తే పనిచేయదు. ఇదంతా పనివాళ్లకు ఎవరైనా చెప్పారా అన్నది అడగాల్సిన అసలు ప్రశ్న.

వెళ్లగానే కుక్కలన్నీ ఒక్కసారిగా అరిచాయి. కొడుతున్నారని అర్థమా?

కాదు. కొత్త మనిషి వస్తే అరుస్తాయి. అరవకుండా, తిండి ముట్టకుండా, మూలకు ముడుచుకుని ఉన్న కుక్క గురించి ఎక్కువ ఆలోచించాలి. దాని నంబరు రాసుకుని డాక్టర్ గారిని అడగండి.

ఫొటోలు, వీడియోలు తీయవచ్చా?

అనుమతి అడిగి తీయండి. పనివాళ్ల ముఖాలు వద్దు. నెలకు పది వేలో పన్నెండు వేలో తీసుకునే మనిషిని ఊరంతా తిట్టేలా చేస్తే షెల్టర్ ఏమీ మారదు. కుక్క నంబరు, బోను, నేల, నీళ్ల గిన్నె ఫొటోలో స్పష్టంగా పడాలి. తేదీ కూడా రాసి పెట్టుకోండి.

కుక్కల బండి వాళ్లు సరిగ్గా పడుతున్నారో లేదో ఎలా తెలుస్తుంది?

ఇనుప పట్టకార్లు, మెడకు బిగించే తీగలు వాడకూడదు. వల వేసి గాని, మచ్చిక చేసి చేత్తో గాని పట్టాలి. పట్టే ముందు ఆ వీధిలో చెప్పాలి: ఆపరేషన్ కోసం తీసుకెళ్తున్నాం, మళ్లీ ఇక్కడే వదులుతాం అని. ఇలా చెప్పకపోవడం వల్లే కుక్కలకు అన్నం పెట్టేవాళ్లకూ బండి వాళ్లకూ రోడ్డు మీద కొట్లాటలు. పట్టిన చోటు, తేదీ, సమయం, ఆ రోజు బృందంలో ఎవరున్నారు, మగవెన్ని, ఆడవెన్ని అన్నది అప్పటికప్పుడు రిజిస్టర్‌లో ఎక్కాలి. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాసే రిజిస్టర్ చూడగానే తెలిసిపోతుంది. చేతిరాత, పెన్ను, తప్పులు అన్నీ ఒకేలా ఉంటాయి.

## రికార్డులు, లెక్కలు

ఏ రిజిస్టర్లు అడగాలి? అన్నీ అడిగితే విసుక్కుంటారు.

అన్నీ అడగక్కర్లేదు. పట్టిన రిజిస్టర్‌లో ఒక నెల తీసుకుని, అందులోంచి మీకు నచ్చిన పది నంబర్లు ఎంచుకోండి. వరుసగా కాదు, అక్కడొకటి ఇక్కడొకటి. ఆ పది కుక్కలూ ఆపరేషన్ రిజిస్టర్‌లో ఉన్నాయా, టీకా ఎక్కిందా, చివరికి విడుదల రిజిస్టర్‌లోనో మరణాల రిజిస్టర్‌లోనో తేలాయా చూడండి. పట్టిన వీధి, వదిలిన వీధి ఒకటేనా?

పదికి పదీ తేలితే ఆ కేంద్రం చాలావరకు సక్రమంగా నడుస్తున్నట్టే, గోడలకు సున్నం లేకపోయినా సరే. రెండు మూడు కుక్కలు మధ్యలో మాయమైతే, బయట ఎంత అందమైన బోర్డు ఉన్నా లోపల ఏదో తేడా ఉంది. షెల్టర్ మీద నిఘా అంటే ఇంతకన్నా పెద్ద పనేం కాదు. వెళ్లి జాలిపడి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు, పది నంబర్ల వెంట పడేవాళ్లే తక్కువ.

చేయని ఆపరేషన్లకు బిల్లులు లేపుతారని వింటాం. దాన్ని పట్టుకోవడం ఎలా?

దీనికోసమే అవయవాల లెక్కింపు అనే పద్ధతి పెట్టారు. ఆపరేషన్‌లో తీసిన అవయవాలను ఫార్మలిన్‌లో భద్రపరచాలి. కమిటీ తరఫున వచ్చినవాళ్లు లెక్కపెట్టి సంతకం చేశాకే కాల్చేయాలి. ఆడకుక్కకు రెండు అండాశయాలు, మగకుక్కకు రెండు వృషణాలు. నెలలో 100 ఆడ, 80 మగ అని బిల్లు పెడితే 200 అండాశయాలు, 160 వృషణాలు లెక్క తేలాలి. లెక్కించిన తేదీ, సంతకాలు ఉన్న కాగితం నకలు అడగండి.

దానికి తోడు స్టాక్ రిజిస్టర్ చూడండి. మత్తుమందు, కుట్ల దారం, రేబీస్ టీకా ఎన్ని కొన్నారు, ఎన్ని మిగిలాయి? ఆపరేషన్లు రెట్టింపై మత్తుమందు వాడకం మాత్రం అలాగే ఉంటే రెండే అర్థాలు: ఆపరేషన్లు జరగలేదు, లేదా సరిపడా మత్తు ఇవ్వకుండా చేశారు. రెండోది ఇంకా దారుణం. ఒకే డాక్టర్ పేరుతో ఒకే రోజు 70, 80 ఆపరేషన్లు ఎక్కి ఉన్నా గట్టిగా అడగాల్సిందే.

ఎన్ని కుక్కలకు ఎన్ని బోన్లు కావాలి? స్థలం చాలడం లేదనే మాట ఎప్పుడూ వినిపిస్తోంది.

రోజుకు వచ్చే కుక్కల్ని, ఒక్కో కుక్క సగటున ఉండే రోజులతో హెచ్చించండి. రోజుకు 15 వస్తూ ఒక్కోటి ఆరు రోజులుంటే 90 చోట్లు కావాలి. అందులో రెండు రోజులు ఆపరేషన్ కోసం ఎదురు చూడటానికే పోతున్నాయనుకోండి. డాక్టర్ గారు చేయగలిగినన్ని కుక్కల్నే పట్టి ఆ ఎదురుచూపును ఒక రోజుకు తగ్గిస్తే 75 చోట్లు చాలు. ఒక్క ఇటుక పేర్చకుండా 15 చోట్లు మిగిలాయి. కొత్త షెడ్డు కావాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా ముందు ఈ లెక్క అడగండి.

అయితే తగ్గించాల్సింది ఎదురుచూసే రోజుల్ని మాత్రమే. కోలుకునే రోజుల్ని కోసేస్తే కుట్లు ఊడిన కుక్కలు రోడ్డు మీద కనిపిస్తాయి. ఫిర్యాదులు, పేపర్లో వార్తలు, అంతా మొదటికొస్తుంది.

నెలకు ఎన్ని కుక్కలు చనిపోతే ఎక్కువ అనుకోవాలి?

ఒక్క అంకెతో తేల్చలేం, ఎప్పుడు చనిపోయాయో చూడాలి. ఆపరేషన్ బల్ల మీద, లేదా 24 గంటల్లోపు చనిపోతుంటే మత్తు, రక్తస్రావం, ఆపరేషన్‌కు ముందు సరిగా పరీక్షించకపోవడం లాంటి కారణాలు వెతకాలి. వచ్చిన కొన్ని రోజులకు వాంతులు, రక్త విరేచనాలతో పోతుంటే పార్వో, ముక్కు కారుతూ దగ్గుతూ తర్వాత మూర్ఛలు వస్తుంటే డిస్టెంపర్ అనే ఇంకో వైరస్ జబ్బును అనుమానించాలి. అంటే లోపం టీకాల్లోనో శుభ్రతలోనో ఉంది. కారణం గడిలో వరుసగా 'సహజ మరణం' అని రాసి ఉంటే ఎవరూ చూడలేదని అర్థం. అలాంటప్పుడు తర్వాతి మరణాలకు పోస్టుమార్టం చేయించమని కోరండి.

షెల్టర్‌లో కుక్కల్ని చంపేస్తారా?

ఆరోగ్యంగా ఉన్న కుక్కను చంపడానికి ఏబీసీ రూల్స్ ఒప్పుకోవు. నయం కాని జబ్బుతోనో ప్రాణాంతక గాయంతోనో బాధపడేవాటికి మాత్రమే కారుణ్య మరణం. అది కూడా కమిటీ నియమించిన బృందం నిర్ధారించాక, అర్హత ఉన్న పశువైద్యుడే చేయాలి. ఇంకో కుక్క కళ్లముందు చేయకూడదు. రేబీస్ ఉందని గట్టి అనుమానం ఉన్న కుక్కను విడిగా ఉంచుతారు. మామూలుగా పది రోజుల్లోపు అదే చనిపోతుంది.

మా వీధిలో కరిచిన కుక్కను తీసుకెళ్లి మళ్లీ ఇక్కడే వదిలారు. ఇదేం పద్ధతి?

ముందు మనిషి సంగతి. గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. షెల్టర్ వాళ్లు ఏదో చెబుతారని ఆగొద్దు. ఇక కుక్క సంగతి: కరిచిన కుక్కను పది రోజులు విడిగా ఉంచి గమనిస్తారు. ఆ పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే, కరిచిన సమయంలో దాని లాలాజలంలో రేబీస్ లేదని అర్థం. పిల్లల్ని కాపాడుకోబోయి కరిచినదీ, దెబ్బ తగిలి కరిచినదీ, ఊరికే వచ్చి మీదపడేదీ ఒకటి కావు. మీ వీధి కుక్క మూడో రకం అనుకుంటే తేదీలు, కరిచినవారి ఓపీ చీటీలు జతచేసి రాతపూర్వకంగా ఇవ్వండి. 'అందరినీ కరుస్తోంది' అని ఫోన్ చేస్తే రికార్డులో ఏమీ మిగలదు.

## ఫిర్యాదు చేయాల్సి వస్తే

ముందు ఎవరి దగ్గరికి వెళ్లాలి?

కేంద్రం బాధ్యత చూసే పశువైద్యుడు, తర్వాత కమిషనర్. అక్కడ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ఇవ్వండి: తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రలో పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక). గుర్తింపు, నియమాల ఉల్లంఘన లాంటి విషయాలైతే జంతు సంక్షేమ మండలికి కూడా కాపీ పంపండి. ఒక ఫిర్యాదులో ఒకే విషయం, ఒకే తేదీ, కుక్క నంబరు ఉండాలి. పది ఆరోపణలు కలిపి రాస్తే అందులో బలహీనమైన దానికి జవాబిచ్చి ఫైల్ మూసేస్తారు.

ఆర్టీఐ (సమాచార హక్కు) దరఖాస్తు ఎలా రాయాలి?

మున్సిపాలిటీ పౌర సమాచార అధికారి పేరిట, 10 రూపాయల ఫీజుతో. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. 'ఎందుకు చేయలేదు?' అని రాస్తే సమాధానం రాదు, ఎందుకంటే చట్టం ఇచ్చేది రికార్డులో ఉన్న సమాచారమే, సంజాయిషీ కాదు. ఇలా రాయండి: 'ఫలానా నెల 1 నుంచి 30 వరకు కుక్కలను పట్టిన రిజిస్టర్, ఆపరేషన్ల రిజిస్టర్, మరణాల రిజిస్టర్, అవయవాల లెక్కింపు పత్రాలు, సంస్థకు చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వగలరు.' ఒక్క నెలే అడగండి, మూడేళ్లది అడిగితే నకళ్ల ఖర్చు మీదే పడుతుంది.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా సగమే వచ్చినా 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కుదరకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు.

నేరుగా పోలీసు కేసు పెడితే భయపడతారు కదా?

జంతువులపై క్రూరత్వ నివారణ చట్టం 1960 నాటిది. సెక్షన్ 11 కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఎవరూ భయపడరు. జంతువును కావాలని చంపినా వికలాంగం చేసినా భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. కొట్టి చంపడం, విషం పెట్టడం లాంటి ఘటన జరిగితే ఆలస్యం చేయకుండా వెళ్లండి, పోస్టుమార్టం కోరండి. నీళ్లు లేవు, బోన్లు ఇరుకు అన్నవాటికి పోలీస్ స్టేషన్ దారి కాదు.

వీడియో పెడితే ఒక్క రోజులో కదులుతారు. ఈ కాగితాల గోల ఎందుకు?

ఒక్క రోజే కదులుతారు. మర్నాటికి గేటుకు తాళం, మీకు ప్రవేశం లేదు. ప్రాణాపాయం ఉంటే వీడియో పెట్టండి, మిగతా వాటికి కాగితమే.

## బాగు చేసే దశలో

'బడ్జెట్ లేదు' అంటారు. డబ్బు లేకుండా ఏదైనా మారుతుందా?

చాలానే మారుతుంది. లోపలికి రాగానే టీకా వేయడం, పట్టే సంఖ్యను ఆపరేషన్ల సంఖ్యకు సరిపెట్టడం, ఒక వార్డు పూర్తయ్యాకే ఇంకో వార్డుకు వెళ్లడం, బోను మీద నంబరు పలక వేలాడదీయడం. వీటిలో దేనికీ టెండర్ అక్కర్లేదు. నెల లెక్కల్ని గేటు దగ్గర బోర్డు మీద రాయించగలిగితే ఇంకా మంచిది: ఎన్ని వచ్చాయి, ఎన్నిటికి ఆపరేషన్ చేశారు, ఎన్ని వదిలారు, ఎన్ని చనిపోయాయి, ఈ రోజు లోపల ఎన్నున్నాయి. అందరూ చూసే చోట ఉన్న అంకెను దిద్దడం కష్టం.

డబ్బు నిజంగా అవసరమైన పనులకు మాత్రం మార్చిలో పరిగెత్తొద్దు. ఏప్రిల్‌లో మొదలయ్యే ఏడాదికి అంచనాలు తయారయ్యేటప్పుడే, అంటే చలికాలంలోనే, మీ కౌన్సిలర్ చేత అడిగించండి. 'షెల్టర్ అభివృద్ధి' అని కాకుండా 'ఐసోలేషన్ గది, డ్రైనేజీ వాలు, టీకాలకు ఫ్రిజ్' అని విడివిడిగా.

పనివాళ్లు మమ్మల్ని చూస్తేనే మండిపడతారు. వాళ్లతో ఎలా?

వాళ్ల తరఫున ఒక్క విషయం అడిగి చూడండి. కుక్కల్ని పట్టేవాళ్లకు, బోన్లు కడిగేవాళ్లకు ముందస్తు రేబీస్ టీకాలు వేయించారా? గ్లవ్స్, బూట్లు ఉన్నాయా? వీళ్లకు ముందస్తు టీకా వేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు. చాలాసార్లు అది ఎవరికీ గుర్తుండదు. భయపడుతూ పట్టే మనిషి మొరటుగా పడతాడు. జీతం నెలల తరబడి ఆగినవాడు నీళ్ల గిన్నె కడగడు.

లోపలున్న కుక్కపిల్లల్ని పెంచుకోవడానికి ఇప్పిస్తే మంచిదే కదా?

మంచిదే, తొందరపడి ఇవ్వకపోతే. టీకా వేసి, కొన్నాళ్లు గమనించి, తీసుకునేవారి చిరునామా రాసుకుని, వయసు వచ్చాక ఆపరేషన్ చేయిస్తామని రాయించుకుని ఇవ్వాలి. ఆదివారం మేళా పెట్టి యాభై పిల్లల్ని పంచేసి ఫొటోలు దిగితే, వాటిలో కొన్ని నెల తిరిగేసరికి మళ్లీ రోడ్డు మీదే ఉంటాయి.

ఇంతా చేశాక బాగుపడిందని ఎలా తెలుస్తుంది?

లోపల చూడాల్సినవి మూడు: ఒక్కో కుక్క సగటున ఎన్ని రోజులుంటోంది, వందకు ఎన్ని చనిపోతున్నాయి, పట్టిన చోటే వదిలినవి ఎన్ని. మూడు నెలలకోసారి ఇవే మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. వర్షాకాలాన్ని ఎండాకాలంతో పోల్చొద్దు, పోయిన ఏడాది అదే నెలతో పోల్చండి.

ఊళ్లో చూడాల్సింది చెవి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొసన చిన్న కోత ఉంటుంది. తెల్లవారుజామున ఒక వార్డు తిరిగి, కనిపించిన పెద్ద కుక్కల్లో చెవి కోత ఉన్నవెన్నో లెక్కపెట్టండి. రేబీస్ అదుపులో ఉండాలంటే కుక్కల్లో 70 శాతానికి టీకా పడి ఉండాలన్నది అంతర్జాతీయంగా పెట్టుకున్న లక్ష్యం. అయితే టీకాను మళ్లీ మళ్లీ వేయాలి కాబట్టి, ఎప్పుడో కోసిన చెవి ఈ ఏటి టీకాకు సాక్ష్యం కాదు. మున్సిపాలిటీ 'మీ వార్డులో పూర్తయింది' అని చెప్పి, మీకు పదిలో నాలుగే కోత చెవులు కనిపిస్తే, ఆ వార్డు విడుదల రిజిస్టర్ అడగడానికి మీకు మంచి కారణం దొరికినట్టే.